భయం... భలే సరదా!

అక్టోబరు చివర్లో అమెరికా పిల్లలు దెయ్యాల వేషాలు కట్టి ఇంటింటికీ తిరుగుతారు. మన పిల్లలు ఫోన్లలో చూసి ముచ్చటపడతారు. తీరా చూస్తే ఆ పండుగలో ఉన్నవన్నీ మన ఆశ్వయుజంలోనే ఉన్నాయి... కొరివి దెయ్యంతో సహా!

సాయంత్రం ముసురు పట్టింది. తూర్పు గాలి లేచింది. కరెంటు పోయింది. పెరట్లో తాటిచెట్టు మీద ఎండుమట్టలు గరగరమంటున్నాయి. అంతదాకా అన్నం తిననని మారాం చేసిన పిల్లాడు గప్‌చుప్‌గా వచ్చి అవ్వ కొంగు పట్టుకుంటాడు. 'అవ్వా, దెయ్యం కత చెప్పవా?' 'వద్దవ్వా, నాకు బయం' అంటుంది అక్క. అంటూనే ఇంకాస్త దగ్గరికి జరుగుతుంది.

నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో అక్టోబరు రాత్రులకు ఈ కథలకు కావాల్సిన సరంజామా అంతా ఉంటుంది. తూర్పున బంగాళాఖాతం. రామతీర్థం ఒడ్డున శివాలయం. నీళ్లు నిలిచిన వరిమళ్లు, రొయ్యల గుంటలు, సరుగుడు తోపులు, తాటిచెట్లు. ఈ జిల్లాలో ఏడాది వానలో ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనాలవల్ల అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది. అందుకే ఇక్కడ అట్లతద్దీ, దీపావళీ చాలాసార్లు మబ్బుల కిందే జరిగిపోతాయి. టపాకాయలు తడిసిపోయిన దీపావళి రాత్రి ఇంట్లో పిల్లలకు మిగిలేది ఏంటి? కథే!

ఇదే మండలంలో వావిళ్ల అనే పల్లె ఉంది. మద్రాసులో 1854లో అచ్చుకూటం పెట్టిన వావిళ్ల రామస్వామి శాస్త్రులుది ఆ ఇంటిపేరే. కావ్యాలూ పురాణాలూ అలా అచ్చులోకి ఎక్కి నిలిచాయి. అవ్వలు చెప్పిన దెయ్యం కథలకు మాత్రం ఆ అదృష్టం పట్టలేదు. అవి నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి నడిచిన కథలు. చెప్పేవాళ్లు ఆపేస్తే ఆగిపోతాయి. ఇప్పటి పిల్లలకు డ్రాక్యులా తెలుసు, జాంబీలు తెలుసు. కొరివి దెయ్యం ఎలా ఉంటుందో అడిగితే తెల్లమొహం వేస్తున్నారు!

అక్కడ హాలోవీన్... ఇక్కడ ఆశ్వయుజం

హాలోవీన్ మొదట అమెరికాది కాదు. ఐర్లండు, స్కాట్లండు ప్రాంతాల్లోని ప్రాచీన కెల్టు జాతులవాళ్లు పంటలు ఇంటికి చేరాక, చలికాలం మొదలయ్యే ముందు 'సావన్' అనే పండుగ చేసుకునేవారు. ఆ రాత్రి పోయినవాళ్ల ఆత్మలు ఇళ్లకు వస్తాయని నమ్మకం. తర్వాత నవంబరు 1 క్రైస్తవులకు పునీతులందరి పండుగ అయింది. దానికి ముందురోజు రాత్రే హాలోవీన్. 1845 తర్వాత ఐర్లండులో బంగాళాదుంప పంట తెగులు పట్టి కరువు వచ్చినప్పుడు లక్షలమంది అమెరికాకు ఓడలెక్కారు. వాళ్ల మూటల్లో ఈ పండుగ కూడా వెళ్లింది.

మరి మన సంగతి? భాద్రపద బహుళ పక్షం పదిహేను రోజులూ మహాలయ పక్షాలు. పితృదేవతలు భూలోకానికి వస్తారని నమ్మి తర్పణాలు వదిలే రోజులు. అలా వచ్చినవాళ్లు తిరిగి వెళ్లేది ఎప్పుడు? దీపావళి అమావాస్యకు. చీకట్లో వాళ్లకు దారి కనబడాలి కదా... అందుకే ఆ సాయంత్రం దివిటీలు కొడతారు. గోగు కాడలకు, ఆముదపు కొమ్మలకు నూనెలో తడిపిన గుడ్డ ఒత్తులు కట్టి వెలిగించి, పిల్లల చేత నేలకు కొట్టిస్తారు. పాట పాడిస్తారు. కాళ్లు కడుక్కుని లోపలికొస్తే నోట్లో తీపి పెడతారు. మతాబుల వెలుగులో మనం మర్చిపోయాంగానీ, ఆ దివిటీ తాతముత్తాతలకు పట్టిన దీపం.

పంట చేతికొచ్చే కాలం, చీకటి పెరిగే రాత్రులు, పోయినవాళ్ల తలపు, వాళ్లకోసం ఓ దీపం. సముద్రాల అవతల కూడా ఇదే వరస. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో పూలూ మిఠాయిలతో జరిపే 'మృతుల దినం' 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. జపాను వాళ్లు తమ ఓబన్ పండుగలో పెద్దల ఆత్మలకు వీడ్కోలుగా నీళ్లలో లాంతర్లు వదులుతారు.

2024లో తమాషా జరిగింది. తెలుగు రాష్ట్రాల్లో దీపావళి అక్టోబరు 31నే వచ్చింది. సరిగ్గా హాలోవీన్ రోజు! అమెరికాలోని తెలుగువాళ్లకు ఒకే గుమ్మంలో ఇటు ప్రమిదలు, అటు గుమ్మడికాయ దీపం పెట్టుకునే అవకాశం దొరికింది.

పప్పుబెల్లాల దండు

హాలోవీన్ రాత్రి పిల్లలు ఇంటింటికీ వెళ్లి 'తీపి పెడతారా, ఆటపట్టించమంటారా' అని అడుగుతారు. 20వ శతాబ్దం మొదటి సగంలో ఉత్తర అమెరికాలో ఈ అలవాటు పాకింది. అంతకుముందు ఇంగ్లండులో పేదలూ పిల్లలూ గడపగడపకూ వెళ్లి, పోయినవాళ్ల కోసం ప్రార్థన చేస్తామని చెప్పి చిన్న రొట్టెలు అడిగి తీసుకునేవారు.

ఇది వినగానే ఇంట్లో తాతయ్యలు నవ్వుతారు. ఎందుకంటే వాళ్లు దసరాకు చేసిందీ అదే! వీధిబడి అయ్యవారు ముందు నడిస్తే, వెనక పిల్లల దండు. చేతుల్లో రంగు కాగితాలు అతికించిన వెదురు విల్లంబులు. ఇంటి ముందు నిలబడి దసరా పద్యాలు పాడటం, విల్లు లాగి బుక్కాపొడో పూలో చల్లడం. అయ్యవారికి దక్షిణ, పిల్లలకు దోసిళ్లలో పప్పుబెల్లాలు. ఇవ్వని ఇంటిమీద పాటలోనే వేళాకోళం! చాక్లెట్లు లేవంతే, మిగతాదంతా సేమ్ టు సేమ్.

వేషాలకూ లోటు లేదు. దసరాకు పులివేషాలు. పగటివేషగాళ్లు వచ్చారంటే వీధి వీధంతా అరుగుల మీదే. శక్తి వేషం కట్టినవాడు నాలుక చాపి ఒక్క ఉరుము ఉరిమితే పిల్లలు తలుపుల వెనక మాయం. వేషం తీసేశాక అదే మనిషి నవ్వుతూ మంచినీళ్లు అడుగుతాడు. భయపడిన పిల్లాడే చెంబు తెచ్చి ఇస్తాడు. 'ఇంతేనా!' అనుకునే ఆ క్షణం పిల్లాడికి ఎన్ని ధైర్యవచనాలు చెప్పినా రాదు.

గుమ్మడికాయకు కోరలు

ఐర్లండు, స్కాట్లండు వాళ్లు మొదట్లో టర్నిప్ దుంపల్ని తొలిచి మొహాలు చెక్కి లోపల దీపం పెట్టేవారు. అమెరికా వెళ్లాక వాళ్లకు అంతకన్నా పెద్దదీ, మెత్తనిదీ దొరికింది... గుమ్మడికాయ. దుష్టశక్తులు ఆ మొహం చూసి పారిపోవాలన్నది దాని వెనక నమ్మకం.

మనవాళ్లు ఈ కిటుకు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కొత్త ఇల్లు కడితే గుమ్మానికి బూడిద గుమ్మడికాయ. కట్టుబడి జరుగుతుంటే కోరమీసాలు, మిడిగుడ్లు, బయటికి చాచిన ఎర్ర నాలుకతో దిష్టిబొమ్మ. పొలంలో సున్నపు బొట్లు పెట్టిన కుండ తలకాయ. ఆయుధపూజనాడు కర్పూరం వెలిగించి గుమ్మడికాయ పగలగొట్టని లారీ ఉంటుందా? భయపెట్టేదాన్నే కాపలాకు పెట్టుకోవడం... అక్కడా ఇక్కడా మనిషి బుర్ర ఒకేలా పనిచేసింది!

మన దెయ్యాల జనాభా లెక్క

తెలుగునాట దెయ్యాలకు కొదవ లేదు. ఒక్కోదానికి ఒక్కో అడ్రసు, ఒక్కో అలవాటు.

కొరివి దెయ్యం: పొలాలు, చెరువు గట్ల మీద తిరుగుతుంది. నోట్లోనో చేతిలోనో కొరివి. దగ్గరికి వెళితే దూరం జరుగుతుంది.

మోహిని: తెల్లచీర, మల్లెపూలు, గజ్జెల చప్పుడు. అర్ధరాత్రి ఒంటరిగా పోయే మగవాళ్లను పేరుపెట్టి పిలుస్తుంది. ఆలస్యంగా ఇంటికొచ్చే తాతయ్యలకు అవ్వల దగ్గర ఈ మోహిని బాగానే అక్కరకొచ్చి ఉంటుంది!

బ్రహ్మరాక్షసి: ఇది చదువుకున్న దెయ్యం. మర్రిచెట్టు మీదో రావిచెట్టు మీదో కాపురం. నేర్చిన విద్య ఎవరికీ చెప్పకుండా దాచుకున్నవాడు ఇలా అవుతాడట. పరీక్షలప్పుడు నోట్సు ఇవ్వని స్నేహితుణ్ని బెదిరించడానికి ఇంతకన్నా మంచి దెయ్యం దొరకదు.

బూచాడు: అన్నం తినని పిల్లల స్పెషలిస్టు. 1757 బొబ్బిలి యుద్ధంలో పాల్గొన్న ఫ్రెంచి సేనాని బుస్సీ పేరే నోళ్లలో నలిగి 'బూచి' అయిందని ఓ కథ ప్రచారంలో ఉంది.

వీటన్నిటికీ కొన్ని ఉమ్మడి గుర్తులు. పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. ఇనుమంటే పడదు. నిప్పంటే హడల్. ఆంజనేయ దండకం సగంలో ఉండగానే పరార్. అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు ఇంకోటుంది. 'నువ్వు చూశావా అవ్వా?' అని అడిగి చూడండి. 'నేను చూళ్లేదు నాయనా, మా మేనత్త చూసిందంట' అంటుంది. మేనత్తను అడిగితే ఆవిడ పక్కింటావిడ చూసిందంట. దెయ్యం ఎప్పుడూ ఒక మనిషి అవతలే ఉంటుంది!

దెయ్యాన్ని ఎలా పంపించాలో కూడా మనవాళ్లకు తెలుసు. 1990ల్లో రాత్రిళ్లు ఓ ఆడదెయ్యం తలుపు తడుతోందని పుకారు పుట్టింది. చాలా ఊళ్లలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాశారు. బెంగళూరులో అదే మాట కన్నడంలో 'నాళె బా' అయింది. పాపం ఆ దెయ్యానికి చదువొచ్చు, మర్యాద తెలుసు. రోజూ వచ్చి, చదివి, 'సరే రేపొస్తా' అని వెళ్లిపోయేదన్నమాట! 2018లో హిందీలో 'స్త్రీ' సినిమా ఇదే ముచ్చటను వాడుకుంది.

తెలుగువాళ్లు దెయ్యాన్ని చూసి నవ్వడం అప్పటికే నేర్చారు. విఠలాచార్య 1978లో తీసిన 'జగన్మోహిని'లో కాళ్లను కట్టెల్లా పొయ్యిలో పెట్టి వంటచేసే దెయ్యాన్ని చూసి హాలంతా కేకలు, ఆపైన నవ్వులు. ఇక 1947లో పుట్టిన 'చందమామ'లో బేతాళుడైతే ఇంటి మనిషే. మూలంలో ఉన్నవి ఇరవై అయిదు కథలు. 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు 'కథాసరిత్సాగరం'లో చేర్చాడు. చందమామలో అవి వందలకు పెరిగాయి. చిత్రకారుడు శంకర్ గీసిన విక్రమార్కుడి బొమ్మ తెలియని ఇల్లు ఒకప్పుడు లేదు. 2020లో ఆయన కన్నుమూశారు. పత్రిక అంతకుముందే ఆగిపోయింది. భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం... అయినా పిల్లలు జడుసుకోలేదు. ఎందుకంటే ఆ దెయ్యం పీక నొక్కదు. ప్రశ్న అడుగుతుంది!

కొరివి వెనక ఎవరు?

బేతాళుడిలా మనమూ ప్రశ్న వేస్తే దెయ్యం కథ అక్కడితో అయిపోదు, ఇంకో కథ మొదలవుతుంది.

బురదనేలల్లో ఆకులూ అలములూ కుళ్లితే వాయువులు పుడతాయి. వాటిలో ముఖ్యమైనది మీథేన్. 1776లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా ఓ సరస్సు ఒడ్డున బురదలోంచి వచ్చే బుడగల్ని పట్టి వెలిగించి చూశాడు. బురదమీద తేలే మంటలకు ఈ వాయువే కారణమని చాలాకాలంగా చెబుతున్నా, దాన్ని అంటించేది ఏమిటన్నది తేలలేదు. నీళ్లలో మీథేన్ బుడగల మధ్య అతి చిన్న మెరుపులు పుడతాయని 2025లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. అంటే కొరివి దెయ్యం అగ్గిపెట్టె ఆచూకీ దొరికినట్టే!

సముద్రం మీద నీలిమంటలా? నోక్టిలూకా వంటి సూక్ష్మజీవులు అల తాకిడికి మెరుస్తాయి. 2019 ఆగస్టులో చెన్నై బీచిలో అలలు నీలంగా వెలిగితే జనం పరుగెత్తి వెళ్లి ఫొటోలు దిగారు. విడవలూరు తీరాన్ని తాకేదీ అదే బంగాళాఖాతం.

చెట్టుమీద కీచుమని కేక? తెల్ల గుడ్లగూబ కావచ్చు. తెల్లటి మొహం, చప్పుడు చేయని రెక్కలు, ఒళ్లు జలదరించే అరుపు. అసలు సంగతేంటంటే అది పొలాల్లో ఎలకల్ని తిని రైతుకు వడ్లు మిగిల్చే పక్షి.

చింతచెట్టు కింద పడుకుంటే దెయ్యం పీక నొక్కుతుందా? చెట్లు రాత్రిళ్లు బొగ్గుపులుసు వాయువు వదిలే మాట నిజమే. కానీ ఆరుబయట అది మనిషికి హాని చేసేంత ఉండదు. మెలకువ వచ్చినా కాలూ చేయీ కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించడం చాలామందికి అనుభవమే. కలలొచ్చే నిద్రలో శరీరం కదలకుండా మెదడు కండరాలను ఆపి ఉంచుతుంది. ఆ పట్టు వదలకముందే మెలకువ వస్తే ఇలా ఉంటుంది. ఒకట్రెండు నిమిషాల్లో దానంతటదే పోతుంది. తరచూ వస్తుంటే భూతవైద్యుడి దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నవ్వు ఆగే చోటు

ఇంతవరకూ సరదా. ఇదే భయం కథలోంచి దిగి వీధిలోకి వస్తే సరదా ఉండదు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన ఘటనలు తెలుగు నేలమీద కూడా జరిగాయి. ఎక్కువగా బలయ్యేది దిక్కులేని ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు. ఇలాంటి దురాచారాలపై మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ప్రత్యేక చట్టాలు చేశాయి. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా తిరిగి, నిమ్మకాయలో రక్తం, అరచేతిలో మంట వంటి 'మహిమల' గుట్టు జనం ముందే విప్పి చూపిస్తూ వచ్చారు.

గుడ్లగూబకూ ఈ రోజుల్లో గండమే. దీపావళి వస్తే దేశంలో కొన్నిచోట్ల క్షుద్రపూజల కోసం వాటిని పట్టి చంపుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. లక్ష్మీదేవికి గుడ్లగూబ వాహనం అంటారు. లక్ష్మీపూజనాడే ఆమె వాహనాన్ని చంపడం ఏం భక్తి!

ఆటకూ మూఢనమ్మకానికీ తేడా చిన్నదే. కథలో దెయ్యం ఊరి చివర చెట్టు మీదుంటుంది. మూఢనమ్మకంలో పక్కింట్లో ఉంటుంది. 'ఫలానా అవ్వ మంత్రగత్తె' అని పిల్లల ముందు ఒక్కసారి అన్నా చాలు, కథ అక్కడే విషమవుతుంది. చీకటిగదిలో పెట్టి తలుపేస్తానని బెదిరించడమూ అంతే. పెద్దవాళ్ల ఒడిలో కూర్చుని పడే భయం ధైర్యం నేర్పుతుంది. ఒంటరిగా పడే భయం పీడకలై మిగులుతుంది.

ఈసారి ఇలా ఆడుకోండి!

దీపాల కథ: జపానులో పూర్వం వంద దీపాలు పెట్టి, ఒక్కో దెయ్యం కథ అయ్యాక ఒక్కో దీపం ఆర్పేవారట. మనకు అయిదు ప్రమిదలు చాలు. ఇంట్లో తలా ఓ కథ. చివరిది నవ్వొచ్చే కథే కావాలి. అది అయ్యాక అయిదు ప్రమిదలూ మళ్లీ వెలిగించాలి. మనది దీపావళి మరి!

బేతాళ ప్రశ్న: నాన్న విక్రమార్కుడు. వీపు మీద పిల్లాడు బేతాళుడు. కథ చెప్పి చిక్కుప్రశ్న వేయాలి. నాన్న జవాబు చెబితే బేతాళుడు మంచం మీదికి దూకేస్తాడు. మళ్లీ మోయాల్సిందే. నడుంనొప్పి ఉన్న నాన్నలు తెలిసినా నోరు మూసుకోవడం మేలు.

గోడమీద బొమ్మలు: నెల్లూరు జిల్లా తోలుబొమ్మలకూ పేరున్న చోటు. అట్టముక్కలు కత్తిరించి, దుప్పటి వెనక టార్చి పెడితే నరకాసురుడు సిద్ధం. మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్వించాలి.

గుమ్మడి మొహం: కత్తి పని పెద్దలది, రంగుల పని పిల్లలది. తొలిచిన గుజ్జు పారేయకుండా పులుసులో వేయండి. గింజలు ఎండబెట్టి వేయిస్తే కథకు తోడు.

గుట్టు విప్పు: రాత్రి విన్న చప్పుళ్లన్నీ చీటీమీద రాసుకోవాలి. తెల్లారాక వెళ్లి ఏది ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టాలి. ఎక్కువ గుట్లు విప్పినవాళ్లకు పప్పుబెల్లాలు!

దీపాల దగ్గర పిల్లలకు నూలు బట్టలే వేయండి. పక్కన బకెట్టు నీళ్లు ఉంచండి. మరీ చిన్నపిల్లలు జడుసుకుంటుంటే కథను అక్కడే ఆపి, దెయ్యానికి ఆకలేసి అట్లు తిని పోయిందని చెప్పేయండి.

ఖర్చులేని పండుగ ఇది. కావాల్సిందల్లా కాస్త చీకటి, చిన్న దీపం, చెప్పే నోరు. చీకటీ దీపం ఎప్పుడైనా దొరుకుతాయి. ఆ మూడోదే ఏటేటా తగ్గిపోతోంది. దెయ్యాన్నయితే రేపు రమ్మని తలుపు మీద రాసుకోవచ్చు. అవ్వ కథను మాత్రం రేపటికి వాయిదా వేయకండి!